ఓ గజం రైలు

నాకు ఒక్క చోట కూర్చోవడం చేతకాదు. పుట్టినప్పటి నుంచీ అంతే. మా అమ్మగారి ఊరు మగ్గాల ఊరు. పడుగు చెయ్యాలంటే వీధి పొడుగునా కట్టెలు పాతి, చేతిలో నూలు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి. మా ఇంట్లో ఆ నడక నా వంతు. ఊహ తెలిసినప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా నడిచాను. అన్ని కోసులు నడిచి కూడా ఆ వీధి దాటలేదని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చాను. మా ఆయన దర్జీ. వాళ్ళ నాయన కాలంలోనే మగ్గం వదిలి మిషను పట్టుకున్న ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం నా పని. రెండు కాజాలు అయ్యేసరికి నాకు కాళ్ళు గుంజేవి. లేచి వాకిలి దాకా పోయి వచ్చేదాన్ని. "కాళ్ళకు చక్రాలు కట్టుకోని పుట్టినవా ఏందే" అనేవాడు మా ఆయన. తిట్టినట్టే అనేవాడు గానీ, నన్ను కూర్చోబెట్టడం తన వల్ల కాదని ఆయనకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

ఆ చక్రాలను ఆయనే పనిలో పెట్టాడు. పంజాగుట్ట బంగళాల్లో పర్దా ఉండేది. మగ దర్జీ జనానాలోకి పోకూడదు. ఆడవాళ్ళు పాత కుర్తా ఒకటి బయటికి పంపి దీన్ని చూసి కుట్టమనేవాళ్ళు. మనిషి ఒళ్ళు చేసి ఉంటుంది, కుర్తా మాత్రం పెళ్ళినాటిది. కుట్టి పంపితే పట్టదు, అల్లరి మా మీదికి వచ్చేది. అందుకని టేపు నా మెడలో వేసి, "నువ్వు లోపలికి పోయి కొలతలు తీసుకరా" అన్నాడు. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు గుట్టరాళ్ళ పక్కన నడిచిపోవడం, రావడం. ఆ పని నాకు పండగలా ఉండేది.

ఒక బంగళాలో కోడలికి నా ఈడే ఉంటుంది. ఆ రోజుల్లో పెద్దింటి కోడళ్ళందరూ దుల్హన్ పాషాలే. ఆమెనూ అట్లాగే పిలిచేవాళ్ళు. పిల్లలు లేరు. భర్త విలాయత్‌లో చదువుకుని వచ్చినవాడు, ఎప్పుడూ జిల్లాల్లో ఉద్యోగం. నేను మొదటిసారి పోయిన రోజు ఆమె తివాచీ మీద బోర్లా పడుకుని ఉంది. ముఖం ముందర ఒక రేకు రైలు గుండ్రంగా తిరుగుతున్నది.

అట్లాంటిది నేను చూడలేదు. బేగంపేట స్టేషన్‌లో ఆగే రైలు చూశాను, దాని పొగ చూశాను. ఇది మోచేతి పొడుగు కూడా లేదు. చాబీ తిప్పి వదిలితే బుడుబుడుమని పోతుంది, పోయి మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. ఎవరూ తిప్పక్కర్లేదు, ఎదురు పోయి పట్టుకోనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి నేను నడిచిందంతా ఇటూ అటూ. నడక ఇట్లా గుండ్రంగా కూడా ఉండవచ్చునని నాకు అప్పటిదాకా తట్టలేదు. కొలతలు మరిచిపోయి నేను కూడా తివాచీ మీద కూలబడ్డాను. దుల్హన్ పాషా నవ్వి, చాబీ నా చేతిలో పెట్టింది.

తర్వాతి రెండు మూడు నెలలు ఆమెకు బట్టల అవసరం ఎక్కువైంది. కుర్తా భుజం కొంచెం వదులుందని ఒకసారి, చేతులు పొట్టిగా ఉన్నాయని ఒకసారి కబురు పంపేది. నేను పోయేదాన్ని. రైలు తిప్పేవాళ్ళం. ఇద్దరికీ మాటలు తక్కువ. ఆమెది ఉర్దూ, నాది సగం తెలుగు సగం బజారు ఉర్దూ. రైలుకు మాటలెందుకు.

ఆ ఇంజన్ నా చేతిలోనే విరిగింది. మగ్గాల ఇంట్లో పుట్టినదానికి చుట్టడమంటే ఒకటే తెలుసు. నూలు కండె చుడితే బిగుతుగా, ఇక చోటు లేదనేదాకా చుట్టాలి. వదులు కండె చుడితే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. నేను రైలు చాబీని కూడా అట్లాగే తిప్పాను. నాలుగు, అయిదు, ఆరు. దుల్హన్ పాషా "బస్, బస్" అంటూనే ఉంది. లోపల టప్‌మన్నది. చాబీ చేతిలో వట్టిగా తిరిగింది. గడియారాలు బాగుచేసే ఆయనకు పంపి చూపించారు. స్ప్రింగు తెగింది, ఇట్లాంటిది ఇక్కడ దొరకదు అన్నాడు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "కోయీ బాత్ నహీ, దర్జన్" అంది, పరవాలేదని, అంతే. దర్జీ పెళ్ళాన్ని కాబట్టి దర్జన్. తిట్టి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. తిట్టకపోయేసరికి ఇంటికి వచ్చి ఆ కోపమంతా మా ఆయన మీద చూపించాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

దానికి బదులు తెచ్చి ఇవ్వాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఆ మాట ముందు చెప్పుకోవాలి. అప్పటి నుంచి ప్రతి గురువారం పాతబస్తీలో జుమ్మెరాత్ బజార్‌కు పోవడం మొదలుపెట్టాను. పాత తాళాలు, విరిగిన లాంతర్లు, దొరల ఇళ్ళల్లో పారేసిన సామాన్లు గోనెల మీద పరిచి అమ్మే చోటు. ఏడెనిమిది గురువారాలు తిరిగాక ఒక గోనె మీద, గుర్రపు నాడాల మధ్యన దొరికింది. ఆకుపచ్చ ఇంజన్, రంగు లేచిపోయింది, పొగ గొట్టం ఊడిపోయింది, చాబీ లేదు. అయినా చక్రాలు తిరుగుతున్నాయి. దుల్హన్ పాషా ఇంజనూ ఇదీ అచ్చు ఒకటే.

మర్నాడు పంజాగుట్టకు పోయాను. ఇంజన్‌ను ఇంట్లో పెట్టి పోయాను. ముందు నడుస్తుందో లేదో చూడాలి గదా, నడవనిది ఎట్లా ఇస్తాం అని నాకు నేను చెప్పుకున్నాను. నడుస్తుందో లేదో చూడాలంటే చాబీ కావాలి. ఆమె నీళ్ళ కోసం లోపలికి పోయినప్పుడు, పెట్టెలో విరిగిన ఇంజన్ పక్కన ఉన్న చాబీ తీసి టేపు సంచిలో వేసుకున్నాను. దొంగతనం అంటే అదే. దానికి వేరే పేరు లేదు.

ఇంటికి వచ్చి పొగ గొట్టం ఉన్న చోట మా ఆయన అంగుస్తాన్ బిగించాను, సూది గుచ్చకుండా దర్జీలు వేలికి పెట్టుకునే ఇత్తడి కట్టు. ఇంజన్‌కు అది కొలిచి చేసినట్టు కూర్చుంది. మిషను నూనె రెండు చుక్కలు వేసి, ఈసారి నాలుగు తిప్పుల దగ్గరే ఆపి, గచ్చు మీద వదిలాను. పొయ్యి దగ్గర బయలుదేరి గడప దాకా పోయి, గడపకు కొట్టుకుని పడిపోయింది. నేను దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఇచ్చెయ్యడం ఇక నా వల్ల కాలేదు.

వచ్చే కొలతలకు ఇస్తాను అనుకున్నాను. ఆ వచ్చే కొలతలు పదేళ్ళు నడిచాయి.

చాబీ తీసుకొచ్చిన తర్వాత మొదటిసారి ఆ ఇంటికి భయపడుతూనే పోయాను. దుల్హన్ పాషా మామూలుగానే ఉంది. భుజం కొలిచాను, చెయ్యి కొలిచాను. లేచి వస్తుంటే అడిగింది, "ఘర్ మే బరాబర్ చల్ రా నా?" అని. ఇంట్లో అంతా సరిగ్గా నడుస్తున్నదా అని. కాపురం సంగతి అడుగుతున్నది అనుకుని, "చల్ రా పాషా, బరాబర్ చల్ రా" అన్నాను. అప్పటి నుంచి ప్రతిసారీ లేచే ముందు ఆ మాటే అడిగేది. నేను ఆ జవాబే చెప్పేదాన్ని.

గచ్చు మీద ఎన్ని రోజులు నడిపిస్తాం. పట్టాలు కావాలి. బట్ట కొనేవాళ్ళు ముందు ఒక గజం తీసుకుని చూసినట్టు, నేనూ ముందు ఒక గజం పట్టాలు చాలనుకున్నాను. సికింద్రాబాద్‌లో దొరల పిల్లల బొమ్మలు అమ్మే దుకాణం ఉందని తెలిసి పోయాను. దుకాణదారుది మద్రాసు వైపు. నన్ను చూసి ఏ దొరసానో పంపిన ఆయా అనుకున్నాడు.

"ఏంటమ్మా, ఏం కావాలి?"

"చాబీ రైలుకు పట్టాలు గావాలె. ఓ గజ్."

"ఓ గేజేనా?"

"ఆఁ, ఓ గజే."

ఆయన లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చాడు. ఇంట్లో ముక్కలన్నీ కలిపి టేపు పెట్టి చూస్తే గజం మీద బెత్తెడు ఎక్కువే ఉంది. మంచివాడు, కొసరు వేశాడు అనుకున్నాను. ఇంజన్ పట్టాల మీద అతికినట్టు కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది. పట్టాల మధ్య వెడల్పును వాళ్ళు గేజ్ అంటారని, అందులో ఒక రకానికి 'ఓ' అని పేరని, నా ఇంజన్ సరిగ్గా ఆ రకందేనని నాకు అప్పుడు తెలియదు. తెలియకుండా సరైనదే అడిగాను. మనిషిని ముంచేవి ఇట్లాంటి అదృష్టాలే.

ఇక మధ్యాహ్నాలన్నీ నా రైలువే. గడప దగ్గర మొదలై పొయ్యి ముందు దాకా ఒక గజం దారి. బయలుదేరిందంటే చివర పడిపోకుండా పట్టుకోవాలి, తిప్పి పెట్టాలి, మళ్ళీ ఆ చివర పట్టుకోవాలి. మా ఆయన భోజనానికి వచ్చి దాన్ని దాటుకుంటూ, "నీ రైలుకు టేషన్లు రెండే. గీడ నా కాలు, గాడ నీ చెయ్యి" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. మళ్ళీ పడుగు నడకే గదా ఇది, ఇటూ అటూ. ఈసారి నాతో పాటు ఒక ఇంజన్‌ను కూడా అందులో పెట్టాను. పంజాగుట్టలో గుండ్రంగా తిరిగే పట్టాలున్నాయి, ఇంజన్ లేదు. నా దగ్గర ఇంజన్ ఉంది, తిరగడానికి దారి లేదు. ఈ రెండూ కలపడానికి నేను చెయ్యవలసింది ఒక్కటే పని, అది తప్ప మిగతావన్నీ చేశాను.

నాకూ గుండ్రని పట్టాలుంటే, ఈ పాతది ఆమెకు ఇచ్చి నేను ఇంకొకటి వెతుక్కోవచ్చు అనే వంక ఒకటి దొరికింది. ఒకరోజు ఆమె మంచం కింద ఉన్న పట్టాల చుట్టూ దారం పెట్టి కొలిచి, దారానికి ముడి వేసుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే రెండు గజాలు, పైన నాలుగు వేళ్ళు. ఆ రోజే ఇంకొకటి చూశాను. ఇన్ని నెలలుగా నడవని పట్టాలకు ఒక్క చోట తుప్పు లేదు. ఎవరో తుడుస్తున్నారు. ఎవరని అడగలేదు.

సికింద్రాబాద్ దుకాణానికి మళ్ళీ పోయాను.

"పోయినసారి ఓ గజ్ ఇచ్చిన్రు గదా. ఇప్పుడు గుండ్రంగ తిరిగేటివి గావాలె. డబల్."

"డబల్ ఓ గేజా?" ఆయన తల ఎత్తి చూశాడు. "అది కొత్తగా వచ్చిందమ్మా. సీమ నుంచి తెప్పించాలి. నెలలు పడుతుంది. మీ దొరసానిగారికి అదే కావాలన్నారా?"

రెండు గజాలకు విలాయత్ దాకా పోవడమేమిటో నాకు అర్థం కాలేదు. పెద్ద దుకాణాల మర్యాద అట్లా ఉంటుందేమో అనుకుని తల ఊపాను. అయిదు నెలలు ఎదురుచూశాను. డబ్బా వచ్చింది. దాని మీద రెండు సున్నలు పక్కపక్కన రాసి ఉన్నాయి. రెండు చుట్లు తిరుగుతుంది కాబోలు అని సంబరపడ్డాను. ఇంటిదాకా ఆగలేక హుస్సేన్‌సాగర్ కట్ట మీదే విప్పి చూశాను. పట్టాలు గుండ్రంగానే ఉన్నాయి. కానీ రెంటి మధ్య నా బొటనవేలు పట్టేటంత వెడల్పు ఉంది. నా ఇంజన్‌కు కావలసిన దాంట్లో సగం.

అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. దుకాణదారు కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూపించాడు. ఓ అంటే ఇంత వెడల్పు, డబల్ ఓ అంటే ఇంత.

"డబల్ అంటే సగం ఎట్లైతది?" అన్నాను.

"అది అంతేనమ్మా. వాళ్ళ లెక్క అది."

"గేజ్ గేజ్ అనకుండ పన్నా అని చెప్పొద్దా? పన్నా అంటే నాకు సమజయ్యేది గదా."

బట్ట వెడల్పును పన్నా అంటారని ఆయనకు తెలియదు. గేజ్ వేరు, గజం వేరు అని నాకు తెలియదు. తిరిగి పంపి మార్పిస్తానన్నాడు పాపం. ఆ నెలలోనే పెద్ద యుద్ధం మొదలైంది. బొమ్మలు తెచ్చే ఓడలు ఆగిపోయాయి. మళ్ళీ పోతే ఆ అరల్లో సబ్బులూ బూట్ల నూనే ఉన్నాయి.

ఇంట్లో చెబితే మా ఆయన కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "దర్జీ ఇంటిదానివై గజం కాడ మోసపోతివా" అన్నాడు. ఆయన నవ్వింది తప్పు కాదు. నేను ఆ పూట అన్నం వండలేదు.

యుద్ధం అన్ని ఏళ్ళూ నా రైలు ఆ గజంలోనే ఇటూ అటూ నడిచింది. మా ఆయనకు ఖాకీ బట్టల పని, నాకు కాజాల మీద కాజాలు. గురువారం మాత్రం మానలేదు. జుమ్మెరాత్ బజార్‌లో రెండు పెట్టెలు దొరికాయి, చక్రాలు లేని గూడ్సు డబ్బా ఒకటి, చెయ్యి విరిగిన సిగ్నల్ ఒకటి. గుడ్డ తాను మధ్యలో ఉండే అట్టతో స్టేషన్ కట్టాను. ఆకుపచ్చ మఖ్మల్ తుంపులతో గుట్ట చేశాను. ఖాళీ దారపు రీళ్ళు ప్రయాణికులు. ఇంత చేసినా ఎక్కినవాళ్ళు ఒక గజం పోయి దిగాలి. ఒక్కొక్కసారి చిరాకు పుట్టి అన్నిటినీ గంపలో పారేసేదాన్ని. మర్నాడు మళ్ళీ తీసి పేర్చేదాన్ని.

ఒక ఎండాకాలం తెగించి, ఆ సన్న పట్టాలను కుట్లు విప్పినట్టు విప్పి, వెదురు బద్దల మీద వెడల్పుగా పరుద్దామనుకున్నాను. మెడపట్టీ కత్తిరించేవాళ్ళకు తెలుసు, వంపులో లోపలి అంచు పొట్టి, బయటి అంచు పొడుగు. ఆ లెక్క నాకు వచ్చు. లేనిది రేకు కోసే కత్తెర. మా ఆయన బట్ట కత్తెర తీసుకున్నాను. నాలుగో కోతకు దాని నోరు పన్ను ఊడినట్టు అయింది. దర్జీ కత్తెరతో కాగితం కోస్తేనే ఊరుకోరు, నేను రేకు కోశాను. ఆయన అరవలేదు. కత్తెరను గుడ్డలో చుట్టి సాన పట్టేవాడి దగ్గరికి పోతూ, "గా రైలు మీద నీకెందుకింత ఆరాటం? అసలు సంగతేందో చెప్పు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. విరిచింది, కొన్నది, చాబీ తీసుకొచ్చింది, అన్నీ. ఆయన గడపలో నిలబడే విన్నాడు. "ఇచ్చిరా పో" అన్నాడు. "ఇస్తా" అన్నాను. నాలుగు పట్టాలు అతికించి చూస్తే ఇంజన్ మొదటి వంపులోనే పక్కకు ఒరిగింది. ఆ పని వదిలేశాను. ఇవ్వడం కూడా వదిలేశాను.

యుద్ధం ముగిసింది. రెండు మూడేళ్ళు పోయేసరికి దేశం రెండుగా చీలింది, పట్నంలో ఎవరి మనసూ ఒక చోట నిలవలేదు. ఎవరు ఉంటున్నారు, ఎవరు పోతున్నారు అన్నదే ఎక్కడ చూసినా మాట. మా దుకాణానికి వచ్చేవాళ్ళు కొత్త బట్టలు మానేసి, ఉన్న బట్టలకు లోపలి జేబులు కుట్టించుకుంటున్నారు. దారిలో పోగొట్టుకోకుండా వస్తువులు దాచుకునే జేబులు. ఒకరోజు పంజాగుట్ట నుంచి కబురు వచ్చింది. దుల్హన్ పాషా దేశం విడిచి పోతున్నది, జేబులు కుట్టాలి, దర్జన్‌ను రమ్మన్నది. ఆమె భర్త ముందే అక్కడికి చేరాడట. ఈమె బొంబాయి పోయి ఓడ ఎక్కాలట. మర్నాడు పొద్దున రైలు.

టేపు సంచిలో ఇంజన్ పెట్టుకున్నాను. నేను మంచిదాన్ని అయ్యానని కాదు. ఇక వచ్చే కొలతలు లేవు కాబట్టి. దారంతా వెనక్కి పోదామా అనే అనుకున్నాను. ఒకచోట రాయి మీద కూర్చున్నాను కూడా. కూర్చోవడం నాకు చేతకాదని చెప్పాను గదా, లేచాను.

ఆ గదిలో తివాచీలు చుట్టేసి గోడకు ఆనించి ఉన్నాయి. పెట్టెలు కట్టేసి ఉన్నాయి. మధ్యన వట్టి గచ్చు మీద ఆ పట్టాలు గుండ్రంగా పరిచి ఉన్నాయి. తుడిచి పెట్టినట్టు మెరుస్తున్నాయి. దుల్హన్ పాషా వాటి పక్కన కూర్చుని ఉంది. నేను సంచి విప్పక ముందే అడిగింది.

"చాబీ లాయీ క్యా, దర్జన్?"

చాబీ తెచ్చావా అని. ఆమెకు తెలుసు. విరిగిన ఇంజన్ ఉన్న పెట్టెలోంచి చాబీ ఒక్కటే పోతే, దాన్ని తిప్పుకునే ఇంజన్ ఇంకొకటి ఎక్కడో ఉందని తెలియడానికి ఎంత సేపు పడుతుంది. పదేళ్ళుగా ఆమె అడిగింది మా కాపురం సంగతి కాదు. ఘర్ మే బరాబర్ చల్ రా నా. రైలు సరిగ్గా నడుస్తున్నదా అని అడిగింది. నేను ప్రతిసారీ, నడుస్తున్నది, బాగా నడుస్తున్నది అని చెప్పి వచ్చాను.

ఏడ్చాను. ఆమె కాసేపు ఏడవనిచ్చి, "పెహ్‌లే చలావ్" అంది. ముందు నడిపించు అని.

ఇంజన్ తీసి పట్టాల మీద పెట్టాను. అంగుస్తాన్ పొగ గొట్టాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నడుముకు దోపుకున్న ఇంటి తాళాల గుత్తి తీశాను. చాబీ పదేళ్ళుగా అందులోనే ఉండేది. నాలుగు తిప్పులు తిప్పి ఆపాను. "ఔర్ ఏక్" అంది. భయపడుతూ ఇంకొకటి తిప్పాను. వదిలాను.

పోయింది. నా చెయ్యి అలవాటుగా ముందుకు చాచాను, పట్టుకోవడానికి. పట్టుకోనక్కర్లేదు. వంపు తిరిగింది, ఆమె మోకాలి పక్కగా పోయింది, నా దగ్గరికి వచ్చింది, ఆగకుండా దాటిపోయింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. ఎన్ని చుట్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. అంతసేపూ కదలకుండా కూర్చున్నాను, నా జన్మలో అట్లా కూర్చున్నది ఆ ఒక్కసారే. మెల్లగా అయ్యి, ఆమె ముందర ఆగింది.

ఇది నీదే పాషా, ఆనాడే తెచ్చి ఇవ్వవలసింది అన్నాను. ఆమె కాదనలేదు. కాదంటుందేమో, ఉంచుకో అంటుందేమో అని నాకు లోపల ఎక్కడో ఆశ ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆమె ఇంజన్‌ను దుపట్టా కొసతో తుడిచి చేతి పెట్టెలో పెట్టుకుంది. పట్టాలు ఎట్లా మోసుకుపోతాను, అవి నువ్వు తీసుకో అంది. జేబులు కుట్టాను. లేస్తుంటే ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

పట్టాలు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. తాళం తీద్దామని నడుము నుంచి గుత్తి తీశాను. చాబీ అందులోనే ఉంది. బంగళాలో ఆ అయిదో తిప్పు తిప్పాక, పదేళ్ళ అలవాటున మళ్ళీ నడుముకే దోపుకున్నాను.

అప్పటికప్పుడు వెనక్కి పోయాను. బంగళా గేటు వేసి ఉంది. సామాన్లతో కలిసి అందరూ నాంపల్లిలో చుట్టాల ఇంటికి పోయారని, పొద్దున అక్కడి నుంచే రైలు ఎక్కుతారని కాపలా మనిషి చెప్పాడు. ఏ ఇల్లో అతనికి తెలియదు. బొంబాయి బండి బేగంపేటలో ఒక్క నిమిషం ఆగుతుందని నాకు తెలుసు.

తెల్లవారగానే బేగంపేట స్టేషన్‌లో ఉన్నాను. బండి వచ్చింది. జనానా డబ్బాలన్నిటికీ కిటికీలు దించి ఉన్నాయి. గుత్తి పైకి ఎత్తి ఆడిస్తూ, ఈ చివరి నుంచి ఆ చివరికి ఉరికాను, "దుల్హన్ పాషా, దుల్హన్ పాషా" అని పిలుస్తూ. ఒక కిటికీ తెరుచుకుంది, తెలియని ముఖం. ఇంకొకటి తెరుచుకుంది, అదీ తెలియని ముఖమే. ఆ చివరి నుంచి మళ్ళీ ఈ చివరికి ఉరికాను. బండి కదిలింది.

ఆ గుండ్రని పట్టాలు ఇప్పటికీ మా ఇంట్లో పరిచే ఉన్నాయి. వాటి మీద తిప్పడానికి తర్వాత చాలా ఇంజన్లు కొన్నాను, జుమ్మెరాత్ బజార్‌లో, సికింద్రాబాద్‌లో దొరలు పోతూ అమ్మిన సామాన్లలో. అన్నీ బాగానే నడుస్తాయి. చూసినవాళ్ళు దీనిమీద నాకు ఎంత పిచ్చో అని నవ్వుతారు. నేను కొనేటప్పుడు చూసేది ఒక్కటే. ముందు పొగ గొట్టం చూస్తాను, ఇత్తడి అంగుస్తాన్ ఉందేమో అని. తర్వాత నడుము నుంచి ఆ చాబీ తీసి పెట్టి చూస్తాను. కొన్నిటికి పడుతుంది. పట్టినప్పుడు నాలుగు తిప్పుల దగ్గర ఆపుతాను. ఎక్కడో దూరాన ఆమె దగ్గరికి ఏ దర్జన్ పోతున్నదో, పోయిన దర్జన్ ఇంట్లో బరాబర్ నడుస్తున్నదా అని దుల్హన్ పాషాను అడిగిందో లేదో, అడిగితే పాషా ఏం చెప్పిందో నాకు తెలియదు. నడవడం లేదు, చాబీ అమీర్‌పేటలో ఉండిపోయింది అని చెప్పి ఉండాలి.